కార్బెట్‌లో పులి కోసం ముందు చెవులకు పని చెప్పండి

ఉత్తరాఖండ్‌లోని జిమ్ కార్బెట్ జాతీయ ఉద్యానానికి వెళ్లదలచినవారు, వీలైతే ఢికాలా అటవీ విశ్రాంతి గృహంలో ఒక రాత్రైనా ఉండేలా ముందే బుక్ చేసుకోవడం మంచిది. రామగంగ నది ఒడ్డున ఉన్న పచ్చిక మైదానాలను ఉదయమూ సాయంత్రమూ తీరిగ్గా చూసే వీలు అక్కడ బస చేసినవారికే ఎక్కువ. ఉద్యానంలోని ఈ ఢికాలా విభాగం నవంబరు 15 నుంచి జూన్ 15 వరకే తెరిచి ఉంటుంది. ఏనుగుల మందలను చూడాలనుకుంటే ఎండలకు వెరవక ఏప్రిల్, మే నెలల్లో వెళ్లండి. చలికాలంలో అయితే, పైకప్పు లేని జీపులో తెల్లవారుజామున తగిలే గాలి మన ప్రాంతాల చలికి అలవాటుపడినవారికి ఊహకందదు కనుక మంకీ టోపీని చిన్నచూపు చూడవద్దు.

పులి కోసం జీపును అటూ ఇటూ పరుగెత్తించడం కన్నా, చుక్కల దుప్పి, కణుజు, కొండముచ్చు హెచ్చరికగా అరిచే అరుపులు వినిపించిన చోట ఇంజిన్ ఆపించి, ఫోన్లు పక్కనపెట్టి, పది పదిహేను నిమిషాలు నిశ్శబ్దంగా వేచి ఉండటమే మేలు. ఒక్క నెమలి అరుపును నమ్ముకోవద్దు. అది ఊరికే కూడా అరుస్తుంది. పులి కనిపించకపోయినా, రామగంగ ఇసుక తిన్నెలపై ఎండ కాచుకునే ఘరియాల్ మొసళ్లను మాత్రం బైనాక్యులర్‌తో వెతకండి.