తలకు సరిపోయే హెల్మెట్ ఎంచుకోవడం, సరిగ్గా పెట్టుకోవడం ఎలా?

హెల్మెట్ కొనేటప్పుడు మనవాళ్లు చూసేవి మూడే: రంగు, ధర, తల దూరుతుందా లేదా. దూరితే చాలు, డబ్బులిచ్చి బయటికొచ్చేస్తారు. కానీ తలలోకి సులువుగా దూరిన హెల్మెట్ పడినప్పుడు అంతే సులువుగా ఊడిపోతుంది. మనం రోజూ తిరిగేది ఎచ్చెర్ల, రణస్థలం, పూసపాటిరేగ, నాతవలస మీదుగా లారీలను రాసుకుంటూ వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి మీద. అక్కడ లూజు హెల్మెట్‌తో వెళ్లేవాళ్లను చూస్తే నాకు టెన్షన్‌గా ఉంటుంది. చుట్టాలు, స్నేహితులు హెల్మెట్ కొంటామంటే వెంట వెళ్లడం నాకు అలవాటు. వెళ్లిన ప్రతిసారీ అవే పొరపాట్లు కనిపిస్తున్నాయి కాబట్టి ఇది రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి

మోటారు వాహనాల చట్టం, 1988లోని 129వ సెక్షన్ ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ హెల్మెట్ పెట్టుకోవాలి. నడిపేవారికీ వెనక కూర్చునేవారికీ ఒకటే నియమం. తలపాగా ధరించే సిక్కులకు మాత్రం మినహాయింపు ఉంది. పెట్టుకోకపోతే, 2019 సవరణలో చేర్చిన 194డి సెక్షన్ కింద 1,000 రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సు పోతుంది. రథసప్తమికి అరసవల్లి వెళ్తున్నా, సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్తున్నా ఇదే చట్టం. వెనక చీరకట్టులో కూర్చున్న అమ్మకీ అది వర్తిస్తుంది.

తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు 2023 ఫిబ్రవరి నుంచి వేరే నిబంధన అమల్లో ఉంది. వాళ్ల తలకు సరిపోయే చిన్న హెల్మెట్, నడిపేవారితో కలిపి కట్టే బెల్టు ఉండాలి, బండి వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు.

చాలామంది వదిలేసే మాట ఇంకొకటుంది. హెల్మెట్ పట్టీతో తలకు గట్టిగా బిగించి ఉండాలని కూడా ఆ 129వ సెక్షన్‌లోనే ఉంది. పట్టీ వదిలేసి నెత్తిన పెట్టుకుంటే చట్టం లెక్కలో అది పెట్టుకోనట్టే.

ఏది కొనాలి

గడ్డం దాకా మూసే ఫుల్ ఫేస్ హెల్మెట్టే కొనండి. ముఖం తెరిచి ఉండేవి వద్దు. పడినప్పుడు గడ్డానికి, దవడకు దెబ్బ తగలడం చాలా మామూలు, అక్కడ ఏ అడ్డూ లేని హెల్మెట్ కొని ఏం లాభం? చెవుల పైనే ఆగిపోయే టోపీల మాట అసలు ఎత్తకండి. గడ్డం భాగం పైకి లేచే రకం సౌకర్యంగా ఉంటుందంటారు. అది బరువు ఎక్కువ, పైగా మన ఎండకి, ఉక్కకి దాన్ని పైకెత్తేసి నడపడం అలవాటైపోతుంది. అందుకే నేను ఎవరిచేతా కొనిపించను.

ఐఎస్ఐ గుర్తు చూడండి. గుర్తు మీద ఐఎస్ 4151 అని, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. 2021 జూన్ 1 నుంచి ఈ ప్రమాణం లేని హెల్మెట్ తయారు చేయడం, అమ్మడం నేరం. అయినా హైవే పక్కన చెట్ల కింద కర్రలకు వేలాడదీసి అమ్ముతూనే ఉన్నారు. స్టిక్కరు ఎవరైనా అచ్చు వేయించగలరు కాబట్టి గుర్తు ఒక్కటే చూసి నమ్మకండి. ఫోన్‌లో, ఈ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని ఆ నంబరు కొట్టండి. ఏ కంపెనీ, ఏ వస్తువు, లైసెన్సు నడుస్తోందా లేదా అన్నీ వస్తాయి. కొట్టువాడి ముందే చూడండి, మొహమాటం వద్దు.

రంగు తెలుపు గానీ పసుపు గానీ ఉండాలి. రాత్రి లారీ డ్రైవరుకు దూరం నుంచి కనిపించేవి అవే. అద్దం తెల్లదే తీసుకోండి. నల్ల అద్దంతో సాయంత్రం ఆరు దాటాక గొయ్యీ గేదే కనపడవు.

తల కొలత

దర్జీ టేపు తీసుకుని కనుబొమలకు కాస్త పైన, చెవుల పైనుంచి, తల వెనక ఎక్కువ ఉబ్బుగా ఉన్న చోటు మీదుగా చుట్టి కొలవండి. 58 సెంటీమీటర్లు వస్తే చాలా కంపెనీల్లో మీడియం, 60 వస్తే లార్జ్. అయినా పెట్టె మీది పట్టిక చూసే తీసుకోండి, కంపెనీకీ కంపెనీకీ తేడా ఉంటుంది. కొలత రెండు సైజుల మధ్య వస్తే ముందు చిన్నది పెట్టి చూడండి.

అసలు పని: సరిపోయిందో లేదో తేల్చుకోవడం

ఇక్కడ నిదానంగా చదవండి. హెల్మెట్‌లో దెబ్బను మింగేది పైన మెరిసే డిప్ప కాదు, లోపలి గట్టి థర్మాకోల్. తల వచ్చి గుద్దుకున్నప్పుడు అది నలిగి, తల ఆగడానికి ఇంకొంచెం సమయం ఇస్తుంది. ఆ కాస్త సమయం వల్లే మెదడు మీద పడే దెబ్బ తగ్గుతుంది. తలకీ దానికీ మధ్య ఖాళీ ఉంటే తల ముందు ఆ ఖాళీలో కదిలి తర్వాత గుద్దుకుంటుంది, లేదా తల కదలకముందే హెల్మెట్ పక్కకు తిరిగిపోతుంది. రెంటిలో ఏది జరిగినా మంచి హెల్మెట్ కొన్న ఫలితం దక్కదు.

బండి మీద ఎలా వెళ్తారో అలాగే కొట్టుకి వెళ్లండి. కళ్లజోడు ఉంటే పెట్టుకునే వెళ్లండి. ఆడవాళ్లు కొప్పు, పెద్ద క్లిప్పు తీసేసి జడ కిందికి వేసుకోవాలి. తల వెనక క్లిప్పు ఉంటే హెల్మెట్ ముందుకు వాలిపోతుంది, పడితే ఆ క్లిప్పే గుచ్చుకుంటుంది. తలకి తువ్వాలు చుట్టి దానిమీద హెల్మెట్ పెట్టే అలవాటు మన ఊళ్లలో చాలామందికి ఉంది. మానేయండి. బట్ట తలమీద జారుతుంది, దానితోపాటు హెల్మెట్టూ జారుతుంది. చెమట గొడవైతే పల్చటి నూలు టోపీ వేసుకోండి, కొట్టులో కూడా దానితోనే పెట్టి చూడండి.

పట్టీలు రెండూ రెండు చేతులతో బయటికి లాగి పట్టుకుని తల దూర్చండి. కొత్త హెల్మెట్ దూరేటప్పుడు చెవుల దగ్గర ఇబ్బందిగా ఉంటుంది, అది మంచిదే. లోపలికి వెళ్లాక బుగ్గలు లోపలికి నొక్కుకోవాలి. నమిలినట్టు దవడ ఆడిస్తే బుగ్గ పళ్లకి తగలాలి. నుదుటికీ లోపలి మెత్తకీ మధ్య వేలు దూరకూడదు. ఇప్పుడు హెల్మెట్‌ని చేతులతో పట్టుకుని పక్కలకు, పైకీ కిందికీ తిప్పండి. నుదుటి చర్మం, బుగ్గలు హెల్మెట్‌తో పాటే కదలాలి. చర్మం కదలకుండా హెల్మెట్ ఒక్కటే తిరిగితే అది పెద్దది, పక్కన పెట్టేయండి.

తర్వాత పట్టీ బిగించి, తల కాస్త వంచండి. పక్కన ఉన్నవాళ్లను హెల్మెట్ వెనక అంచు కింద చెయ్యి పెట్టి పైకి, ముందుకి నెట్టమనండి. గట్టిగానే నెట్టాలి. అది దొర్లి కళ్లమీదకొచ్చి ఊడితే, ఎంత ఖరీదైనదైనా వద్దు. నిజంగా పడినప్పుడు జరిగేది ఇదే. కొట్టుల్లో ఎవరూ చేయని పరీక్ష కూడా ఇదే. నాకు మాత్రం ఇది చేయనిదే బిల్లు రాయించడం ఇష్టం ఉండదు.

అంతా బాగుంటే అలాగే పది పదిహేను నిమిషాలు తలమీద ఉంచండి. తీశాక అద్దంలో నుదురు చూసుకోండి. అంతటా సమానంగా లేత ఎరుపు ఉంటే మంచిదే. ఒక్కచోటే ముదురు ఎరుపు ఉండి నొప్పి పుడితే మీ తల ఆకారానికీ దాని ఆకారానికీ పడలేదు. కొందరి తల గుండ్రంగా ఉంటుంది, కొందరిది ముందువెనకల పొడవుగా ఉంటుంది. అప్పుడు అందరూ చేసే తప్పు ఒకటే, ఇంకో సైజు పెద్దది తీసుకోవడం. దానివల్ల బుగ్గల దగ్గర లూజవుతుంది, నుదుటి దగ్గర నొప్పి మాత్రం చాలాసార్లు అలాగే ఉంటుంది. సైజు మార్చకండి, మోడల్ మార్చండి. "వాడగా వాడగా అదే సర్దుకుంటాది బాబూ" అని కొట్టువాడు అంటాడు. బుగ్గల విషయంలో అది నిజం, కొన్ని వారాలకు మెత్తలు అణుగుతాయి. నుదుటి దగ్గర మాత్రం లోపలుండేది ఆ గట్టి థర్మాకోలే, అది మీ తలకోసం సర్దుకోదు.

ఇన్ని చూడాలి కాబట్టే హెల్మెట్ ఆన్‌లైన్‌లో కొనవద్దంటాను. రెండొందలు మిగలొచ్చు, కానీ నాలుగు మోడళ్లు పక్కపక్కన పెట్టుకుని చూసే వీలు అక్కడ లేదు. కొత్త బండితో షోరూమ్‌లో ఇచ్చే హెల్మెట్‌కీ ఇదే పద్ధతి. మీ సైజు అడిగి, పెట్టి చూసి తీసుకోండి.

పట్టీ

పట్టీ గడ్డం కొస మీద కాదు, దవడ కింద గొంతుకు ఆని ఉండాలి. పట్టీకీ గొంతుకీ మధ్య రెండు వేళ్లు పట్టేంత చోటు చాలు, నోరు పెద్దగా తెరిస్తే హెల్మెట్ కిందికి లాగినట్టు తెలియాలి. టక్కుమని పడే ప్లాస్టిక్ బకిల్ ఉన్నవాటిలో పట్టీ పొడవు సర్దుకునే చోటు ఒకటి ఉంటుంది. కొన్నరోజు ఎలా వచ్చిందో అలాగే వదిలేస్తారు చాలామంది. తమ్ముడు ఒకసారి పెట్టుకెళ్తే పొడవు మారిపోతుంది, అదీ చూసుకోరు.

నా ఓటు రెండు ఇనుప రింగులున్న పట్టీకే. ప్రతిసారీ మీ గొంతుకు తగినంత బిగుతు దానంతట అదే కుదురుతుంది, విరిగే ప్లాస్టిక్ ముక్కంటూ ఉండదు. పట్టీ కొసను రెండు రింగుల్లోంచీ ఒకేసారి దూర్చి, బయటివైపు రింగు మీదుగా వెనక్కి తిప్పి, లోపలివైపు రింగులోంచి మాత్రమే లాగాలి. కొసన ఉండే బటన్ మిగిలిన పట్టీ గాలికి కొట్టుకోకుండా ఉండటానికి పెట్టింది. రింగుల్లో దూర్చకుండా ఆ బటన్ ఒక్కటి నొక్కి, పెట్టుకున్నామనుకునేవాళ్లు ఉన్నారు. దయచేసి మీ ఇంట్లోవాళ్లది ఒకసారి చూడండి.

వాడకం

మెత్తలు విప్పి తలకు రాసుకునే షాంపూతో కడిగి నీడలో ఆరబెట్టండి. మన సముద్రపు గాలికి, తలనూనెకి అవి త్వరగా కంపు కొడతాయి. డిప్పకి పెట్రోలు, థిన్నరు తగలనివ్వకండి. బండి అద్దానికి తగిలించకండి, లోపలి థర్మాకోల్ అక్కడ గుంట పడుతుంది. గీతలు పడిన అద్దం వెంటనే మార్చండి, ఎదురు లైట్ల వెలుగు వాటిమీద చెదిరి దారి కనపడదు.

ఒక్కసారి గట్టిగా పడితే హెల్మెట్ పని అయిపోయినట్టే. పైకి ఏమీ కనపడకపోయినా లోపల థర్మాకోల్ నలిగి ఉంటుంది, ఒకసారి నలిగింది మళ్లీ దెబ్బ మింగలేదు. పడకపోయినా ఐదేళ్లకు మార్చండి. పాతదాన్ని వెనక కూర్చునేవాళ్ల కోసమని దాచకండి, పనివాళ్లకీ ఇవ్వకండి. పట్టీ కత్తిరించి పారేయండి, ఇంకెవరూ తీసి పెట్టుకోకుండా.