ఆఫ్‌సీజన్‌లో అరూషా: సఫారీ మోసాల్లో చిక్కకుండా ఎలా చూసుకోవాలి?

మార్చి మధ్య నుంచి మే దాకా ఉత్తర టాంజానియాలో 'మసీకా' అనే పెద్ద వానలు పడతాయి. సెరెంగెటి, గోరోంగోరో, తరంగిరే పార్కులకు వాకిలి లాంటి అరూషా పట్టణం అప్పుడు వెలవెలబోతుంది. మన వేసవి సెలవులు మొదలయ్యేదీ అప్పుడే. గదులు చవక, పార్కుల్లో బండ్ల రద్దీ ఉండదు, ఎటు చూసినా పచ్చదనం. వెళ్లదగ్గ కాలమే. ఒకటే చిక్కు: సీజన్‌లో వందమందికి సర్దుకునే దళారులు ఇప్పుడు పదిమంది వెంటే పడతారు. వీళ్లను ఊళ్లో ఫ్లైక్యాచర్లు అంటారు, అంటే ఈగల్ని పట్టే పిట్టలు. ఈగలు ఎవరో చెప్పక్కర్లేదు.

'ఆఫ్‌సీజన్ కదా, సగం ధరకే' అనేది వాళ్లు వేసే మొదటి ఎర. వానాకాలంలో ఏది తగ్గుతుందో, ఏది తగ్గదో తెలిసినవాళ్ల దగ్గర ఆ ఎర పారదు.

1. బేరానికి ముందు కనీస ధర మీరే లెక్కగట్టండి

లాడ్జి గది అద్దె తగ్గుతుంది. బండి అద్దె కొంత తగ్గుతుంది. డీజిల్ తగ్గదు. ప్రభుత్వానికి కట్టే పార్కు రుసుము పేరుకే తగ్గుతుంది. సెరెంగెటికి పెద్దలకు 24 గంటల ప్రవేశ రుసుము సీజన్‌లో 70 డాలర్లయితే, మార్చి 15 నుంచి మే 15 వరకు 60. దానిపైన 18 శాతం వ్యాట్.

ఏప్రిల్‌లో నలుగురు కలిసి వెళ్లే నాలుగు రోజుల టెంటు సఫారీని తీసుకుందాం. మొదటి రోజు తరంగిరే, తర్వాత రెండు రాత్రులు సెరెంగెటి, చివరి రోజు గోరోంగోరో క్రేటర్ (పాత అగ్నిపర్వతపు పెద్ద గుంట). ఒక్కొక్కరికి తరంగిరే 45, సెరెంగెటి రెండు పర్మిట్లు 120, పార్కు లోపల టెంటు వేసుకోవడానికి రాత్రికి 30 చొప్పున 60. సెరెంగెటికి దారి గోరోంగోరో మీదుగానే కాబట్టి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి 60 చొప్పున 120. మొత్తం 345, వ్యాట్‌తో 407. క్రేటర్‌లోకి దిగడానికి బండికి వ్యాట్‌తో 295, నలుగురికి పంచితే తలా 74. అంటే చక్రం కదలకముందే తలకు 480 డాలర్లు ప్రభుత్వానికి పోతాయి.

ఇదే సఫారీని ఎవరైనా 550కి ఇస్తామంటే ఏమిటి అర్థం? మిగిలిన 70 డాలర్లతో నాలుగు రోజుల బండి, డీజిల్, డ్రైవరు, వంటమనిషి, భోజనం సాధ్యం కాదు. క్రేటర్ ఎగ్గొడతారు, లేదా 'పార్కు రుసుము ఇందులో లేదు' అని గేటు దగ్గర చేయి చాస్తారు, లేదా అడ్వాన్సు తీసుకుని మాయమవుతారు. సెరెంగెటి ఉన్న సఫారీ రోజుకు తలా 200 డాలర్ల కిందకు దిగితే అనుమానించండి. రుసుములు మారుతుంటాయి. బయల్దేరే ముందు టాంజానియా నేషనల్ పార్క్స్ సంస్థ (టనాపా), గోరోంగోరో అథారిటీ ప్రకటించిన తాజా పట్టికలు చూసి ఇదే లెక్క మళ్లీ వేయండి.

2. ఏప్రిల్‌లో లేనిదాన్ని ఏప్రిల్‌లో కొనకండి

వైల్డ్‌బీస్టులు (ఎద్దు లాంటి జింకలు) మారా నది దాటే దృశ్యం జూలై నుంచి అక్టోబరు దాకా, సెరెంగెటి ఉత్తరపు కొసన కనిపించేది. దూడలు పుట్టేది జనవరి నుంచి మార్చి మధ్య, దక్షిణాన ఎన్‌డూటు మైదానాల్లో. ఏప్రిల్, మేలలో మందలు దక్షిణం వదిలి మధ్య, పడమటి భాగాల వైపు కదులుతుంటాయి. 'ఏప్రిల్‌లో నది దాటడం గ్యారంటీ' అన్నవాడితో ఇక మాట్లాడే పని లేదు.

తరంగిరే ఏనుగుల గుంపులదీ ఇదే సంగతి. నది ఒడ్డున వందల ఏనుగులు చేరేది ఎండాకాలంలో, అంటే జూన్ నుంచి అక్టోబరు దాకా. వానలు పడితే నీళ్లు అంతటా దొరుకుతాయి, ఏనుగులు పార్కు దాటి చెదిరిపోతాయి. బ్రోషర్‌లో ఫొటో ఏ నెలలో తీసిందో అడగండి. జవాబు వినడం సరదాగా కూడా ఉంటుంది.

3. కంపెనీ ఉందా, బోర్డు మాత్రమే ఉందా?

అరూషాలో ఒక గది, రెండు కుర్చీలు, ఒక ఫ్లెక్సీతో కంపెనీ తెరవచ్చు, వారంలో మూసేయొచ్చు. సఫారీలు నడపాలంటే మాత్రం ప్రభుత్వ పర్యాటక వ్యాపార లైసెన్సు (ఇదివరకు 'టాలా' అనేవారు) ఉండాలి. దాని కాపీ అడగండి. మూడు చూడండి: ఈ సంవత్సరానిదేనా, కంపెనీ పేరు అక్షరం పొల్లుపోకుండా సరిపోయిందా, టూర్ ఆపరేటర్‌కి ఇచ్చినదేనా. పేరున్న కంపెనీ పేరుకు ఒక అక్షరం అటూఇటూ మార్చి పెట్టుకునేవాళ్లు ఉంటారు. టాంజానియా టూర్ ఆపరేటర్ల సంఘం టాటో సభ్యుల జాబితాలో ఆ పేరుందో లేదో వెతకండి. సభ్యత్వం లేనంత మాత్రాన దొంగలని కాదు, ఉంటే ఒక భరోసా.

క్లాక్ టవర్ చుట్టుపక్కల, సొకోయిని రోడ్డులో 'నమస్తే, రఫీకి' అంటూ పక్కన నడిచేవాళ్లు కంపెనీల ఉద్యోగులు కారు, కమీషను మనుషులు. రఫీకి అంటే మిత్రుడు. మీరు నిన్న ఏ ఆఫీసుకు వెళ్లారో కనుక్కుని ఈరోజు 'అక్కడి నుంచే పంపారు' అని చెప్పగలరు. 'హపానా, అసాంటే' (వద్దు, ధన్యవాదాలు) అని నడక ఆపకుండా సాగిపోండి. ఏ హోటల్లో దిగారో చెప్పకండి.

4. 'ముగ్గురున్నారు, మీరొక్కరే తక్కువ'

ఆఫ్‌సీజన్‌కే ప్రత్యేకమైన మోసమిది, ఎక్కువమంది పడేదీ ఇందులోనే. ఒంటరిగానో జంటగానో వచ్చినవాళ్లకు బండి ఖర్చు పంచుకునే తోడు కావాలి. వానల్లో అలాంటి గుంపులు తేలిగ్గా కుదరవు. దళారి లేని గుంపును ఉందంటాడు, డబ్బు తీసుకుంటాడు. బయల్దేరే రోజు పొద్దున 'వాళ్లు మానుకున్నారు, బండి ఖర్చంతా మీదే, లేదా రెండు రోజులు ఆగండి' అంటాడు. అప్పటికి మీ తిరుగు టికెట్ దగ్గరపడుతుంది, ఒప్పుకుంటారు.

విరుగుడు రెండు ముక్కలు. ముందురోజు సాయంత్రం ఆ ముగ్గురినీ కలుస్తామనండి. అది కుదరకపోతే, 'గుంపు తగ్గినా ధర మారదు, ప్రయాణం ఆగితే కట్టిందంతా వెనక్కి' అని ఒప్పందంలో రాయించండి. రాయడానికి వెనకాడితే గుంపు లేనట్టే.

5. ఒప్పందంలో ఏముండాలి

పార్కుల పేర్లు, ఏ రోజు ఎక్కడ, పార్కు రుసుములు, క్రేటర్ రుసుము, వ్యాట్ కలిశాయా లేదా, తాగునీరు, భోజనం. శాకాహారులైతే గుడ్డు తింటారో లేదో కూడా రాయించండి, లేకపోతే మూడుపూటలా ఆమ్లెట్టే.

బస దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఏప్రిల్, మేలలో చాలా టెంట్ క్యాంపులు మూతపడతాయి. మూసి ఉన్న క్యాంపు పేరుతో మీకు అమ్మి, 'నిండిపోయింది' అంటూ పార్కు బయట కరాటు ఊళ్లో చవక గదికి మారుస్తారు. క్యాంపు పేరు రాయించుకుని, ఆ తేదీల్లో తెరిచి ఉంటారా అని నేరుగా వాళ్లకే మెయిల్ పెట్టండి. మారిస్తే 'అదే స్థాయి, పార్కు లోపలే' అనే మాట ఉండాలి.

బండి రకం కూడా రాయాలి: పైకప్పు లేచే ఫోర్‌వీల్ డ్రైవ్ ల్యాండ్ క్రూజర్. తరంగిరేలో మన నల్లరేగడి లాంటి నేల ఉంది. వాన పడ్డాక అందులో మామూలు వ్యాన్ దిగిందంటే సగం రోజు ట్రాక్టర్ కోసం ఎదురుచూపే. డబ్బు కట్టేముందు బండిని చూడండి: టైర్ల గాడులు, రెండు స్టెప్నీలు, పార, తాడు.

6. డబ్బు

అడ్వాన్సు 20, 30 శాతం మించొద్దు. కంపెనీ పేరున్న బ్యాంకు ఖాతాకే పంపండి. లైసెన్సులో ఒక పేరు, ఖాతాలో ఒక వ్యక్తి పేరు ఉంటే ఆగిపోండి. కార్డుతో కడితే కొన్ని శాతాలు అదనంగా అడుగుతారు, అది మోసం కాదు, కానీ ఎంతో ముందే తేల్చుకోండి. నగదు ఇస్తే ఈఎఫ్‌డీ యంత్రం (అమ్మకాలు పన్ను లెక్కకెక్కే మిషను) రసీదు తీసుకోండి. చేతిరాత రసీదు గొడవ వస్తే పనికిరాదు.

డాలర్లను షిల్లింగుల్లోకి (టాంజానియా డబ్బు) బ్యాంకులోనో, లైసెన్సున్న మారకం కౌంటర్లోనో మాత్రమే మార్చుకోండి. వీధిలో మంచి రేటు ఇచ్చేవాడు మడతపెట్టిన కట్టలో లెక్క తగ్గిస్తాడు. పదివేల నోటు ఎరుపు, వెయ్యి నీలం. సున్నాలు లెక్కపెట్టేకంటే రంగు చూడడం మేలు. పాత ముద్రణ డాలర్లు, చిరుగు నోట్లు తీసుకోరు.

7. దిగిన రోజు

వీసా ప్రభుత్వ ఇమిగ్రేషన్ సైట్‌లోనే తీసుకోండి. చిరునామా చివర 'గో డాట్ టీజెడ్' ఉండాలి. భారత పాస్‌పోర్టుకు మామూలు వీసా 50 డాలర్లు, అమెరికా పాస్‌పోర్టున్నవాళ్లకు 100. దీనికి 150 అడిగే సైటు దళారిది. నైరోబీ, అడిస్ అబాబా మీదుగా వస్తుంటే ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు ఇంటి దగ్గరే అధీకృత కేంద్రంలో వేయించుకుని పసుపు పుస్తకం వెంట ఉంచుకోండి. అది లేనివాళ్లే ఎయిర్‌పోర్టులో బేరాలాడాల్సి వస్తుంది.

కిలిమంజారో విమానాశ్రయం నుంచి అరూషా 50 కిలోమీటర్ల దాకా ఉంటుంది. టాక్సీ 50 డాలర్ల చుట్టూ. హోటల్‌నే పంపమంటే గొడవ లేదు. ఊళ్లో ఆటోను 'బజాజీ' అంటారు, మన బజాజ్ పేరే. ఎక్కేముందే 'బేయ్ గానీ?' (ధర ఎంత?) అని అడగండి.

ఒక తిరకాసు మోసం కాకపోయినా మోసంలా అనిపిస్తుంది. స్వాహిలీ గడియారం తెల్లవారినప్పటి నుంచి లెక్కపెడుతుంది. 'సా మ్బిలి' అంటే మాటకు రెండు గంటలు, నిజానికి పొద్దున ఎనిమిది. బస్సు వేళ, పికప్ వేళ అంకెల్లో రాయించుకోండి.

8. గేటు దగ్గర, దారిలో

పార్కు పర్మిట్ కాగితం మీద మనుషుల సంఖ్య, ప్రవేశించిన సమయం ఉంటాయి. దాన్ని డ్రైవరు దగ్గర చూసి ఫోన్‌లో ఫొటో తీసుకోండి. సెరెంగెటిలోకి ఒక పర్మిట్‌తో మధ్యాహ్నం రెండింటికి వెళితే మర్నాడు రెండింటి వరకే. ఆలస్యంగా బయల్దేరి, గడువు దాటాక 'ఇంకో రోజు రుసుము మీరే కట్టాలి' అనేవాళ్లున్నారు. ఫొటో ఉంటే ఎవరి ఆలస్యమో అక్కడికక్కడే తేలుతుంది. మసాయి తెగవాళ్ల పల్లెకు తీసుకెళ్తామంటే ప్రవేశం మనిషికా బండికా, ఎవరికి ఇవ్వాలి అని బండి దిగకముందే మాట్లాడుకోండి. లోపలికి వెళ్లాక పూసల దండలు మెడలో వేసి ధర చెప్పడం మామూలే.

9. టాంజనైట్, నల్లచేవ బొమ్మలు

టాంజనైట్ అనే రత్నం ప్రపంచంలో దొరికేది ఒక్క మెరెరానీ కొండల్లోనే, అరూషాకు దగ్గరే. అందుకే వీధిలో పొట్లం విప్పి చూపించేవాళ్లుంటారు. అసలు రాయిని తిప్పితే ఒకవైపు నీలం, ఇంకోవైపు ఊదా కనిపిస్తుంది. రంగుగాజు ఎటు తిప్పినా ఒకటే. కానీ ఈ పరీక్షలో నెగ్గినంత మాత్రాన కొనొద్దు. ప్రభుత్వ ధ్రువపత్రం, దుకాణం రసీదు లేని రాయి విమానాశ్రయంలో మీ చేతిలో మిగలదు.

నల్లచేవ (ఎబొనీ) బొమ్మ బరువుగా ఉంటుంది, నీళ్లలో మునుగుతుంది. అడుగున గోటితో గీరి వాసన చూడండి. బూట్ పాలిష్ వాసన వస్తే మామూలు చెక్కే. సగం ధరకు అడగండి, బొమ్మ నచ్చితే తీసుకోండి.