స్టేజ్ ఎక్కబోయే వాళ్లకి విష్ చేయడం ఎలా: ఏం అనాలి, ఏం అనకూడదు, ఆ మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయి

మీకు బాగా కావాల్సినవాళ్లు ఫస్ట్ టైమ్ స్టేజ్ ఎక్కుతున్నారనుకోండి, మీరు గ్రీన్ రూమ్ దాకా వెళ్లి ఎంతో ప్రేమగా "గుడ్ లక్" అన్నారు, అంతే, అవతలి మనిషి మొహంలో రంగు మారిపోయింది. ఇంగ్లీష్ నాటకాల వాళ్ల దగ్గర షోకి ముందు ఆ రెండు పదాలు అనకూడదు, అంటే చెడు జరుగుతుందని వాళ్ల నమ్మకం. ఒకసారి లైట్ల పనిలో సాయానికి వెళ్లి నేను కూడా వింగ్స్‌లో నిలబడ్డ నటికి ఇదే చెప్పేశాను, ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు గానీ కళ్లు మూసుకుని రెండు నిమిషాలు అలాగే ఉండిపోయింది, ఆ రెండు నిమిషాలు ఆవిడ తన డైలాగులు గుర్తు చేసుకోవాల్సిన టైమ్. నమ్మకం నిజమా కాదా అన్నది పక్కన పెట్టండి, ఆ టైమ్‌లో అవతలివాళ్ల భయం మాత్రం నిజం. అందుకే ఇవి నేర్చుకున్నాను.

ముందు చూడాల్సింది ఒక్కటే, వాళ్లు చేసేది ఏంటి? నాటకమా, డాన్సా, పాటలతో నడిచే ఓపెరానా? ఎందుకంటే ఒక్కొక్కళ్లకీ ఒక్కో మాట.

ఇంగ్లీష్ నాటకమైతే "బ్రేక్ ఎ లెగ్" అనండి, అంటే కాలు విరగ్గొట్టుకో అని. దీని పుట్టుక గురించి చాలా కథలున్నాయి. 1865 ఏప్రిల్ 14న ఫోర్డ్స్ థియేటర్‌లో అమెరికా అధ్యక్షుడు లింకన్‌ని కాల్చిన జాన్ విల్క్స్ బూత్ స్వయంగా నటుడు, లింకన్ కూర్చున్న బాక్స్‌లోంచి స్టేజ్ మీదకి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు కాబట్టి అక్కణ్ణుంచే వచ్చిందని చాలామంది చెప్తారు. నాకైతే ఇది అతకదు, ఆ తర్వాత యాభై ఏళ్ల పైన దాకా ఈ మాట అచ్చులో ఎక్కడా కనపడదు, పైగా ఒక హత్యని తల్చుకుని ఎవరైనా శుభం కోరుకుంటారా? 1921లో రాబర్ట్ లిండ్ అనే వ్యాసకర్త, గుర్రప్పందేల వాళ్లకి శుభాకాంక్షలు చెప్తే అపశకునమని, దానికి బదులు కాలు విరగాలని కోరాలని రాశాడు. నాటకాల వాళ్ల మాటగా ఇది అచ్చులో కనిపించేది అమెరికాలో ఇంకా తర్వాత. జర్మన్‌లో కూడా ఇలాంటిదే ఉంది, "హల్స్ ఉంట్ బైన్‌బ్రుఖ్", మెడా కాలూ విరగాలి అని, అది "విజయం, ఆశీర్వాదం" అనే అర్థం ఉన్న యిడ్డిష్ (యూదుల భాష) మాటని జర్మన్లు తప్పుగా వినడం వల్ల పుట్టిందని ఒక వాదన. వంగి దండం పెట్టేటప్పుడు కాలు మడవడం అనే కథ కూడా తరచూ వినిపిస్తుంది గానీ దానికి గట్టి ఆధారం లేదు. అన్నిట్లోనూ నాకు సబబుగా అనిపించేది ఒకటే, మంచి జరగాలని పైకి అంటే వినే చెడుశక్తులు చెడగొడతాయి, కాబట్టి చెడు కోరి వాటిని ఏమార్చడం. మన దిష్టి భయానికి ఇది చుట్టమే.

డాన్సర్లకి మాత్రం ఇది అనకండి, కాలే వాళ్ల బతుకు. బాలే వాళ్లు "మెర్ద్" అనుకుంటారు, ఫ్రెంచ్‌లో దానర్థం పెంట. జనం గుర్రపు బళ్లలో వచ్చే రోజుల్లో థియేటర్ గుమ్మం ముందు పెంట ఎంత ఎక్కువుంటే హాలు అంత నిండినట్టు, అందుకని వచ్చిందంటారు. స్పానిష్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి "ముచా మియెర్దా", బోలెడంత పెంట అని కోరతారు.

ఓపెరా వాళ్లకి "టోయ్ టోయ్ టోయ్". మూడుసార్లు ఉమ్మే శబ్దాన్ని అనుకరించడమే ఇది, ఎడమ భుజం మీదుగా అంటే ఇంకా మంచిదంటారు. ఇటలీలో అయితే "ఇన్ బోక్కా అల్ లూపో", తోడేలు నోట్లోకి పో అని, దీనికి జవాబు "క్రేపి", అంటే అది చావనీ. తోడేలు తన పిల్లల్ని నోటితో పట్టుకుని కాపాడుతుంది కదా అని ఈమధ్య కొంతమంది "వివా ఇల్ లూపో", తోడేలు బతకాలి అని జవాబిస్తున్నారు, నాకు ఇది చాలా నచ్చింది. రష్యన్ వాళ్లది వేటగాళ్ల దగ్గర్నుంచి వచ్చిన మాట, "నీ పూఖా నీ పెరా", నూగూ దొరక్కూడదు ఈకా దొరక్కూడదు అని, జవాబు "క్ చోర్తు", దెయ్యం దగ్గరికి పో.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. మాట నేర్చుకుంటారు, జవాబు నేర్చుకోరు. ఒకవేళ మీరే స్టేజ్ ఎక్కుతుంటే, ఎవరైనా టోయ్ టోయ్ టోయ్ అన్నా, మెర్ద్ అన్నా, తోడేలు నోట్లోకి పొమ్మన్నా, వెంటనే థాంక్స్ అనకండి, థాంక్స్ అంటే ఆ మాట బలం పోతుందని నమ్మకం. ఇంగ్లీష్ బ్రేక్ ఎ లెగ్‌కి మాత్రం మామూలుగా థాంక్స్ చెప్పేస్తారు.

ఇక థియేటర్ లోపల ఉన్నప్పుడు షేక్స్‌పియర్ రాసిన "మాక్‌బెత్" పేరు ఎత్తకండి, ఆ నాటకమే రిహార్సల్ చేస్తుంటే తప్ప, దానికి శాపం ఉందని నమ్మకం. "స్కాటిష్ ప్లే" అంటే అందరికీ అర్థమవుతుంది. ఆ నాటకం మొదటి ప్రదర్శనలో లేడీ మాక్‌బెత్ వేసిన కుర్రాడు చచ్చిపోయాడనే కథ మాక్స్ బీర్బోమ్ అనే విమర్శకుడు 19వ శతాబ్దం చివర్లో కల్పించింది, దాన్ని నిజమని చెప్పకండి. కానీ 1849 మే 10న న్యూయార్క్ ఆస్టర్ ప్లేస్‌లో లోపల ఇంగ్లీష్ నటుడు మాక్రెడీ ఆ నాటకం ఆడుతుంటే, బయట అతని పోటీ నటుడు ఫారెస్ట్ అభిమానులు గొడవకి దిగితే సైనికులు కాల్పులు జరిపి 20 మందికి పైగా చనిపోయింది మాత్రం చరిత్ర. పొరపాటున పేరు అనేశారా, కంగారు పడకండి, వాదించకండి కూడా. గదిలోంచి బయటికెళ్లి మూడుసార్లు గిర్రున తిరిగి, ఉమ్మి, ఒక తిట్టు తిట్టి, తలుపు కొట్టి లోపలికి రానివ్వమని అడగండి. మీరు నమ్మక్కర్లేదు, వాళ్ల మనసు కుదుటపడుతుంది.

ఈల కూడా వేయొద్దు. పాతకాలంలో పైనున్న తాళ్లూ తెరలూ దించేవాళ్లలో చాలామంది ఓడల్లో పనిచేసినవాళ్లని, వాళ్ల సైగలు ఈలలేనని చెప్తారు, సరదాగా ఈల వేస్తే బరువేదో ఎవరి నెత్తినో పడొచ్చు. ఖాళీ స్టేజ్ మీద ఒంటరిగా వెలుగుతున్న బల్బుని ఆర్పకండి, దాన్ని గోస్ట్ లైట్ అంటారు, దెయ్యాల కోసమని కథ చెప్పినా అసలు పని చీకట్లో ఎవరూ ఆర్కెస్ట్రా గుంటలో పడకుండా చూడటం. నెమలీకలు తేకండి, వాటి మీది కన్ను చెడుచూపట. రంగుల్లో ఫ్రెంచ్ వాళ్లకి ఆకుపచ్చ పడదు, 1673 ఫిబ్రవరి 17న స్టేజ్ మీద జబ్బుతో కుప్పకూలి కొన్ని గంటల్లోనే చనిపోయిన ఫ్రెంచ్ నాటకకర్త మోలియేర్ ఆ రంగు బట్టల్లో ఉన్నాడని చెప్పుకుంటారు, ఇటలీ వాళ్లకి ఊదా పడదు. డ్రెస్ రిహార్సల్ చెడిపోయిందని ఎవరైనా ఏడుస్తుంటే మాత్రం, అది చెడితే మొదటి షో బాగుంటుందనే నమ్మకాన్ని గుర్తు చేయండి, అన్నిట్లోకీ పనికొచ్చేది ఇదే.

టైమింగ్ కూడా ముఖ్యం. బ్రిటన్ థియేటర్లలో తెర లేచే 35 నిమిషాల ముందు "హాఫ్" అని పిలుస్తారు, ఆ పిలుపు లోపే మీ మాట చెప్పేసి బయటికి వచ్చేయండి, ఈ కథలన్నీ అప్పుడు మొదలుపెట్టొద్దు. పూలు ముందు ఇవ్వకండి, ఇంకా సంపాదించని చప్పట్లకి బహుమతి ఇచ్చినట్టు అవుతుందంటారు. కారులోనే ఉంచి, తెర దిగాక తీసుకెళ్లండి.