హామ్ రేడియో క్లబ్బులో చేరాక సెట్ మూలన పడకుండా

సరదాకి రేడియో సెట్‌తో ఇతరులతో మాట్లాడుకునే హామ్ లైసెన్స్ వచ్చిన కొత్తలో ఉన్న ఊపు తగ్గకూడదంటే ముందు క్లబ్ వాళ్లు పెట్టే నెట్‌లో (అందరూ ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసే రేడియో సమావేశంలో) ప్రతిసారీ చెక్-ఇన్ అవ్వండి, చెప్పడానికి ఏమీ లేకపోయినా కాల్‌సైన్ (మీ స్టేషన్ గుర్తింపు పేరు), సిగ్నల్ రిపోర్ట్ (అవతలివాళ్లు ఎంత బాగా వినిపిస్తున్నారో) ఇస్తే చాలు. సిగ్నల్‌ని అందుకుని దూరానికి మళ్లీ పంపే రిపీటర్ మీదైతే పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కి ఒక్క క్షణం ఆగి మాట్లాడండి, లేకపోతే మొదటి మాట తెగిపోతుంది.

బెరుకు పోయాక నెట్ కంట్రోల్, అంటే నెట్‌ని నడిపే బాధ్యత, మీరే అడిగి తీసుకోండి. ఎవరిని ముందు పిలవాలి, బలహీనంగా వినిపించే స్టేషన్‌ని ఎలా పట్టుకోవాలి, అత్యవసర మెసేజ్ వస్తే మిగతావాళ్లని ఎలా ఆపాలి, ఇవన్నీ అక్కడే వస్తాయి, పుస్తకం చదివితే రావు.

యాంటెన్నా ఎక్కించే రోజు మాత్రం అస్సలు మానొద్దు. తాడు పట్టుకుని నిలబడ్డా సరే, ఎస్‌డబ్ల్యూఆర్‌ని (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే కొలతని) 1.5 లోపుకి ఎలా దించుతారో కళ్లారా చూస్తారు. దాచిన ట్రాన్స్‌మిటర్‌ని వెతికే ఫాక్స్ హంట్ ఉంటే పిల్లల్నీ తీసుకెళ్లండి.