కాగితంలో ‘మధ్యవర్తిత్వం’ అని ఉంటే ఏం చూడాలి, ఏం చేయాలి?

హైదరాబాద్‌లో పంచాయితీ అంటే గొడవా అదే, గొడవ తెంపడమూ అదే. "వాళ్లిద్దరికీ ఏదో పంచాయితీ నడుస్తోంది" అంటాం, "పెద్దమనుషులు కూర్చుని పంచాయితీ చేశారు" అనీ అంటాం, వినేవాళ్లకి ఏ అయోమయమూ ఉండదు. మధ్యవర్తిత్వం సంగతి అలా కాదు. పేపర్లలోనూ, అగ్రిమెంట్ల తెలుగు కాపీల్లోనూ మీడియేషన్‌కీ ఇదే మాట రాస్తారు, ఆర్బిట్రేషన్‌కీ ఇదే రాస్తారు, చట్టంలో మాత్రం ఈ రెండింటికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా.

అందుకని మొట్టమొదట చూడాల్సింది, ఆఖరి మాట ఎవరిది అని. మీడియేషన్‌లో మధ్యవర్తి మీ ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తాడు, అంతే. నచ్చకపోతే "కుదరదండీ" అని లేచి రావచ్చు, అక్కడ మీరన్న మాటల్ని రేపు కోర్టులో మీ మీదే వాడే వీలు కూడా లేదు. ఆర్బిట్రేషన్‌లో ఆ మనిషి తీర్పరి. ఇరువైపులా విని అవార్డు ఇస్తాడు (సన్మానం కాదు లెండి, తీర్పు), 1996 నాటి చట్టం ప్రకారం దాన్ని కోర్టు డిక్రీలాగే అమలు చేయిస్తారు. మీ కాగితంలో "సోల్ ఆర్బిట్రేటర్", "ఫైనల్ అండ్ బైండింగ్" లాంటి మాటలు కనబడితే అది ఆర్బిట్రేషనే. "సామరస్యంగా పరిష్కరించుకోవాలి" అని మాత్రమే ఉంటే మొదటి రకం. ముందు 30 రోజులు మాట్లాడుకోండి, తెగకపోతే ఆర్బిట్రేటర్ దగ్గరికి వెళ్లండి అని రెండూ వరసగా రాయడమూ మామూలే. 2021 డిసెంబరులో నానక్‌రాంగూడలో మొదలైన అంతర్జాతీయ కేంద్రం ఇంగ్లీషు పేరులో ఆర్బిట్రేషన్, మీడియేషన్ రెండూ విడివిడిగా ఉన్నాయి, తెలుగు వార్తల్లోకి వచ్చేసరికి అదంతా కలిపి మధ్యవర్తిత్వ కేంద్రం అయిపోయింది.

ఇక సంతకానికి ముందు. లోన్ పేపర్లలో, ఫ్లాట్ అగ్రిమెంట్లలో ఈ పేరా దాదాపుగా చివరి పేజీల్లో, చిన్న అక్షరాల్లో ఉంటుంది, అక్కడికి వచ్చేసరికి మనం పెన్ను మూత తీసేసి ఉంటాం. ఆగి రెండు విషయాలు వెతకండి. ఒకటి, సీట్ ఎక్కడ అని, అంటే చట్టం లెక్కన ఆర్బిట్రేషన్ ఏ ఊరిది అని. మీరుండేది ఉప్పల్, అప్పు తీసుకున్నది ఉప్పల్, అయినా సీట్ చెన్నై అని రాసి ఉంటే అవార్డుని సవాలు చేయడానికి చెన్నై కోర్టుకే పోవాలి. రెండోది, ఆర్బిట్రేటర్‌ని ఎవరు పెడతారు అని. అప్పిచ్చిన కంపెనీయే తనకి నచ్చినవాణ్ణి పెడుతుంది అని రాసుకుంటే అది చెల్లదు, ఫలితంతో లాభనష్టాలున్నవాళ్లు ఒక్కరే ఏకపక్షంగా నియమించకూడదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. కానీ చెల్లదని మనసులో అనుకుంటే చాలదు, రాసి పంపాలి. గొడవ మొదలయ్యాక "ఈ ఆర్బిట్రేటర్ మీద నాకు అభ్యంతరం లేదు" అని ఒక కాగితం తెచ్చి, ఫార్మాలిటీ సార్, సంతకం పెట్టండి అంటారు చూడండి, ఆ సంతకంతోనే ఆ హక్కు పోవచ్చు.

అసలు ఎక్కువ మంది దెబ్బతినేది నోటీసు దగ్గర. వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వస్తుంది, కింద ఎవరిదో లాయరు ముద్ర ఉంటుంది, ఏదో బెదిరింపులే అనుకుని డిలీట్ చేస్తారు. మీరు వెళ్లకపోతే మీరు లేకుండానే విచారణ జరిపి అవార్డు ఇవ్వొచ్చు, తర్వాత జీతం అకౌంట్ అటాచ్ అయ్యాక టెన్షన్ పడి లాభం లేదు. జవాబు పెద్దగా ఏమీ ఉండనక్కర్లేదు, ఇలా రాస్తే చాలు: "మీ ఫలానా తేదీ నోటీసు నాకు ఫలానా రోజు అందింది. మీరొక్కరే నియమించిన ఆర్బిట్రేటర్‌కి నేను ఒప్పుకోవడం లేదు. నేను కట్టిన వాయిదాలతో సహా బాకీ లెక్క పంపండి." దీన్ని ఈమెయిల్‌లోనూ, స్పీడ్‌పోస్ట్‌లోనూ కంపెనీకీ ఆర్బిట్రేటర్‌కీ ఇద్దరికీ పంపి రసీదులు దాచండి.

ఫ్లాట్ కొన్నవాళ్లకి ఒక మాట. అగ్రిమెంట్‌లో ఆర్బిట్రేషన్ ఉంది కాబట్టి మీరింకెక్కడికీ వెళ్లలేరని బిల్డర్ ఆఫీసులో చెబితే నమ్మకండి, ఆ క్లాజు ఉన్నా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లవచ్చని 2018లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

అద్దె ఇంటి అడ్వాన్సు, చేబదులు లాంటి వాటికి ఇంత తతంగం అక్కర్లేదు, నా లెక్కన లోక్ అదాలత్ మేలు. కేసు వేయకుండానే పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు ఆవరణలో ఉన్న న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ ఇవ్వొచ్చు, రంగారెడ్డి జిల్లా కిందికి వస్తే ఎల్బీనగర్ కోర్టుల్లో. ఏది మీదో తెలియకపోతే న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. కోర్టు ఫీజు లేదు. అక్కడ రాజీ కుదిరితే దాని మీద అప్పీలు కూడా లేదు, అందుకే రాసే మాటలు జాగ్రత్త. "ఓనరు త్వరలో డబ్బు ఇచ్చేస్తారు" అని రాయించుకుంటే ఆ త్వరలో ఎప్పటికీ రాదు. 40,000 అడ్వాన్సులో పెయింటింగ్ కింద 12,000 పోను 28,000, ఫలానా తేదీలోపు, ఫలానా అకౌంట్‌కి, తప్పితే ఇంత వడ్డీ, తాళాలు ఆ రోజే అప్పగింత... ఇలా విడమరిచి ఉండాలి.

ఒకవేళ ఆర్బిట్రేషన్ అవార్డు మీకు వ్యతిరేకంగా వచ్చేసిందా, సంతకం ఉన్న కాపీ చేతికందిన తేదీని దాని మీదే రాసుకుని కవరు కూడా ఉంచుకోండి. ఆ రోజు నుంచి మూడు నెలల్లో సవాలు చేయాలి, సరైన కారణం చూపిస్తే కోర్టు ఇంకో 30 రోజులు ఇవ్వొచ్చు, ఆపైన ఒక్క రోజు కూడా లేదు. సవాలు వేసినంత మాత్రాన వసూలు ఆగదు, స్టే కోసం వేరే పిటిషన్ వేయాలి. లాయరుతో ఫీజు మాట్లాడుకునేటప్పుడే రెండూ కలిపి మాట్లాడుకోండి.