కేప్ ఇవాన్స్: ఆ పేరు ఎవరిదో ఎలా తేల్చుకోవాలి?

అంటార్కిటికా మ్యాపు చూపిస్తుంటే ఏడో తరగతి పాప అడిగింది: “సార్, కేప్ ఇవాన్స్ అంటే దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చనిపోయిన ఇవాన్స్ గారి పేరేనా?” అవునమ్మా అన్నాను. ఇంటికెళ్లి చూసుకుంటే నేను చెప్పింది తప్పు. ఆ తప్పు దిద్దుకుంటూ నేర్చుకున్న పద్ధతి ఇది. ధ్రువప్రాంతంలో ఏ అగ్రానికైనా (కేప్, అంటే సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల కొన) పనికొస్తుంది.

ముందు చోటు ఖాయం చేసుకోండి. కేప్ ఇవాన్స్ రాస్ ద్వీపం పడమటి ఒడ్డున, 77 డిగ్రీల 38 నిమిషాల దక్షిణ అక్షాంశం మీద ఉంది. ఈ అంకెలతో స్కార్ (అంటార్కిటికా పరిశోధనల అంతర్జాతీయ సంఘం) వారి అంటార్కిటికా గెజిటీర్‌లో, అంటే స్థలాల పేర్ల జాబితాలో వెతకండి. ఒకే చోటుకి వేర్వేరు దేశాలవాళ్లు పెట్టిన పేర్లు కూడా అందులో దొరుకుతాయి.

తర్వాత పాత పేరు. దీన్ని ఎవరూ వదిలేయొద్దు, అసలు కథ ఇక్కడే ఉంటుంది. 1901-04 యాత్రలో బ్రిటిష్ నావికాధికారి రాబర్ట్ స్కాట్ బృందం ఈ అగ్రాన్ని ‘స్కువరీ’ అంది. స్కువా అంటే పెంగ్విన్ గుడ్లు ఎత్తుకుపోయే గోధుమరంగు సముద్రపక్షి. కొంగలు వాలే చెరువుని మనం కొంగల చెరువు అన్నట్టే ఇదీ. 1911 జనవరిలో స్కాట్ టెర్రా నోవా ఓడలో మళ్లీ వచ్చాడు. కేప్ క్రోజియర్ దగ్గర అలల పోటుకి దిగడం కుదరలేదు. పాత మకాం హట్ పాయింట్‌కి వెళ్దామంటే దారిలో సముద్రం గడ్డకట్టి ఉంది. చివరికి స్కువరీ దగ్గరే దిగి, పాతిక మంది చలికాలం గడపడానికి చెక్క ఇల్లు కట్టుకున్నారు. యాత్రలో తన తర్వాతి స్థానంలో ఉన్న అధికారి లెఫ్టినెంట్ ఎడ్వర్డ్ ఇవాన్స్ మీద గౌరవంతో ఆ చోటుకి స్కాట్ కొత్త పేరు పెట్టాడు.

ఇక తేదీలు పక్కపక్కన రాయండి. టెర్రా నోవా యాత్రలో ఇద్దరు ఇవాన్సులున్నారు. తిరుగుదారిలో కన్నుమూసింది పెట్టీ ఆఫీసర్ ఎడ్గర్ ఇవాన్స్, 1912 ఫిబ్రవరిలో. 1911 జనవరిలో పెట్టిన పేరు ఆ మరణానికి గుర్తు ఎలా అవుతుంది? ఎడ్వర్డ్ ధ్రువం దాకా వెళ్లనేలేదు. స్కర్వీతో (విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు) నడవలేకపోతే తోటి యాత్రికులు లాష్లీ, క్రీన్ ఆయన్ని స్లెడ్జి (మంచు మీద లాగే బండి) మీద పడుకోబెట్టి లాక్కొచ్చి బతికించారు. అందుకే ఇంటిపేరొక్కటే రాసుకుంటే చాలదు, హోదా కూడా రాసుకోండి. ఆఖరున స్కాట్ డైరీలో 1911 జనవరి మొదటి వారం తీసి సరిచూడండి.

మర్నాడు ఆ పాపని పిలిచి, మ్యాపులో కేప్ ఇవాన్స్ కింద పెన్సిలుతో ‘స్కువరీ’ అని రాయించాను.