అసెంబుల్డ్ పీసీకి ఒకదానికొకటి సరిపోయే పార్ట్‌లు ఎలా ఎంచుకోవాలి?

మూడేళ్ల కిందట మా బావమరిదికి ఇంట్లోనే సిస్టమ్ బిగించాను. స్విచ్ వేస్తే ఫ్యాన్లు బ్రహ్మాండంగా తిరిగాయి, మానిటర్ మాత్రం నల్లగానే ఉంది. ర్యామ్ పీకడం, పెట్టడం, మళ్లీ పీకడం... రెండు గంటల టెన్షన్ తర్వాత అట్టపెట్టె చదివితే అసలు సంగతి తెలిసింది. అది ఐ5 12400ఎఫ్. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండవు. మేం గ్రాఫిక్స్ కార్డు కొనలేదు. ఏ పార్టూ పాడవలేదు, ఒకదానితో ఒకటి కుదరలేదు, అంతే.

అప్పటినుంచీ డబ్బు కట్టేముందు కాగితం మీదే సిస్టమ్ మొత్తం బిగించి చూసుకుంటున్నాను. చదువుకీ, కాస్త గేమ్స్‌కీ పనికొచ్చే ఒక మధ్యస్థాయి సిస్టమ్‌ని ఉదాహరణగా తీసుకుందాం: ఏఎండీ రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు.

1. ముందు ప్రాసెసర్, దాని సాకెట్

ప్రాసెసర్ ఏదో తేలితే సగం నిర్ణయాలు వాటంతటవే అయిపోతాయి. సాకెట్ అంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు. 7600 కూర్చునేది ఏఎం5 సాకెట్‌లో. రైజెన్ 5000 వరకు వచ్చినవి ఏఎం4. ఇంటెల్‌లో 12, 13, 14 తరాలకు ఎల్‌జీఏ 1700, 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200 వరుస డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు ఎల్‌జీఏ 1851. ఒక సాకెట్‌ది ఇంకోదాంట్లో పట్టదు.

పేరు చివరి అక్షరం మర్చిపోకండి. 7600లో చిన్నపాటి గ్రాఫిక్స్ ఉన్నాయి కాబట్టి కార్డు తర్వాత కొనుక్కున్నా తెర వెలుగుతుంది. 7500ఎఫ్‌లో లేవు. ఇంకో తేడా: 7600 డబ్బాలో కూలర్ వస్తుంది, 7600ఎక్స్‌తో రాదు.

2. మదర్‌బోర్డు, దాని బయోస్

సాకెట్ కలిసింది కదా అని ఆగిపోవద్దు. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. బోర్డు తయారైన రోజుకి మీ ప్రాసెసర్ ఇంకా పుట్టి ఉండకపోవచ్చు. పాత బీ450 బోర్డులో (ఇది చిప్‌సెట్ పేరు, అంటే బోర్డు మీది ప్రధాన చిప్) రైజెన్ 5 5600 పెట్టినా, పాత స్టాకు బీ650లో రైజెన్ 9000 వరుసది పెట్టినా, బయోస్ (స్విచ్ వేయగానే సిస్టమ్‌ని లేపే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసేదాకా సిస్టమ్ లేవదు.

బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ పేజీకి వెళ్లి సీపీయూ సపోర్ట్ లిస్ట్ తెరవండి. మీ ప్రాసెసర్ పేరుకి ఎదురుగా ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో రాసి ఉంటుంది. సికింద్రాబాద్ సీటీసీలాంటి కంప్యూటర్ షాపుల సముదాయంలో కొంటుంటే, బయోస్ అప్‌డేట్ చేసి ఇమ్మని బిల్లు వేయకముందే అడగండి. ఆన్‌లైన్‌లో కొంటే బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు చూడండి. ప్రాసెసర్ లేకపోయినా పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేసుకోవచ్చు.

మన 7600కి బీ650 చాలు. ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువగా నడపడం) ఊసు లేనివాళ్లకి ఏ620 కూడా నడుస్తుంది.

3. ర్యామ్

పాత సిస్టమ్‌లో డీడీఆర్4 ర్యామ్ ఉంది, వాడేద్దాం అనుకుంటే ఏఎం5 దగ్గర కుదరదు. అక్కడ డీడీఆర్5 ఒక్కటే. రెండిటికీ పిన్నులు 288 అయినా మధ్య గాటు వేర్వేరు చోట్ల ఉంటుంది, బలవంతంగా నొక్కితే స్లాటే విరుగుతుంది. ఎల్‌జీఏ 1700 బోర్డులతో ఇంకా జాగ్రత్త: ఒకే చిప్‌సెట్‌కి డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5 బోర్డులూ ఉన్నాయి. కొన్నిటి పేరులో 'డీ4' అని ఉంటుంది, కొన్నిటికి అదీ ఉండదు.

16 జీబీవి రెండు కలిపి అమ్మే కిట్ తీసుకోండి, 6000 వేగం, ఎక్స్‌పో (అధికారిక వేగాన్ని దాటి ర్యామ్‌ని నడిపేందుకు బయోస్‌లో ఆన్ చేసుకునే సెట్టింగ్) ఉన్నది. 'ఇప్పుడు రెండు, తర్వాత ఇంకో రెండు' అనే లెక్క ఏఎం5 మీద అంత బాగా పనిచేయదు. రెండు స్టిక్‌లకు 7600 అధికారిక వేగం 5200, నాలుగు పెడితే అది 3600కి పడిపోతుంది.

4. క్యాబినెట్: టేపు తీయండి

ఏటీఎక్స్ బోర్డు 305 × 244 మి.మీ., మైక్రో ఏటీఎక్స్ 244 × 244, మినీ ఐటీఎక్స్ 170 × 170. పెద్ద క్యాబినెట్‌లో చిన్న బోర్డు పడుతుంది, చిన్నదాంట్లో పెద్దది పట్టదు. ఇది అందరూ చూసుకుంటారు. చూసుకోనివి రెండు. గ్రాఫిక్స్ కార్డు పొడవు ఒకటి. 4060లోనే రెండు ఫ్యాన్ల బుల్లి కార్డులున్నాయి, 300 మి.మీ. దాటే మూడు ఫ్యాన్లవీ ఉన్నాయి. ముందువైపు లిక్విడ్ కూలర్ రేడియేటర్ పెడితే ఫ్యాన్లతో కలిపి మరో 50 మి.మీ. పైగా పోతుంది. రెండోది కూలర్ ఎత్తు. టవర్ కూలర్లు 155 నుంచి 165 మి.మీ. దాకా ఉంటాయి. 160 వరకే చోటున్న క్యాబినెట్‌కి 165ది కొంటే పక్క తలుపు మూయడం ఎలాగా అని ఆలోచిస్తూ కూర్చోవాలి.

5. ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్

7600 లోడు మీద 88 వాట్ల దాకా లాగుతుంది, 4060కి 115. బోర్డు, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ అన్నీ కలిపినా 300 దాటదు. అయినా 4060కి ఎన్‌విడియా 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పార్ట్‌లన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా) సూచిస్తుంది, అదే తీసుకోండి. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చేదాని జోలికి పోవద్దని నా మాట. ప్రాసెసర్‌కి 8 పిన్, గ్రాఫిక్స్ కార్డుకి 8 పిన్ వైర్లు విడివిడిగా ఉంటాయి. రెండూ చూడ్డానికి ఒకేలా ఉన్నా వేర్వేరు. మాడ్యులర్ (వైర్లు ఊడదీసి పెట్టుకునే) ఎస్‌ఎంపీఎస్ అయితే పాతదాని వైర్లు కొత్తదానికి పెట్టకండి, డ్రైవులు కాలిపోవచ్చు.

కరెంటు పోయే ఊళ్లో యూపీఎస్ కూడా లెక్కలోకే వస్తుంది. డబ్బా మీది వీఏ అంకె వాట్లు కాదు. 600 వీఏవి చాలావరకు 360 వాట్లే ఇస్తాయి, మానిటర్‌నీ కలిపి చూసుకోండి. ప్లగ్ పాయింట్‌కి ఎర్తింగ్ లేకపోతే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

6. మిగతావి

ఎస్‌ఎస్‌డీకి 2280 సైజు ఎం.2 ఎన్‌వీఎంఈ (బోర్డు మీదే నేరుగా బిగించే సన్నని పట్టీలాంటిది) తీసుకుంటే దాదాపు ఏ బోర్డుకైనా సరిపోతుంది. పాత సాటా (వైరుతో బోర్డుకి కలిపే) హార్డ్‌డిస్కులు కూడా తగిలించాలంటే మాన్యువల్ చూడండి, కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 వాడితే ఒకటో రెండో సాటా పోర్టులు ఆగిపోతాయి. వైఫై అన్ని బోర్డుల్లోనూ ఉండదు. క్యాబినెట్ ముందు టైప్-సి పోర్టు ఉంటే బోర్డు మీద దానికి కనెక్టర్ ఉండాలి. రంగు లైట్ల సరదా ఉంటే 3 పిన్నుల 5 వోల్టులవి, 4 పిన్నుల 12 వోల్టులవి కలపకండి, మాడిపోతాయి.

అన్నీ బిగించి మొదటిసారి ఆన్ చేశాక ఏఎం5 సిస్టమ్ ర్యామ్‌ని పరీక్షించుకుంటూ కొన్ని నిమిషాలు నల్ల తెరతోనే ఉండిపోవచ్చు. కంగారుపడి స్విచ్ ఆపేయకండి, ఒక టీ తాగి రండి.